గ్రూపు బాట్ తయారీ ఉద్యోగానికి ఎంతవరకు పనికివస్తుంది?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. నక్షత్ర పరిశీలనపై ఆసక్తి ఉన్నవారి కోసం, వేర్వేరు సర్వర్లపై నడిచే సోషల్ మీడియా వేదిక మాస్టడాన్‌లో ఒక గ్రూపు బాట్ (సభ్యుల పోస్టులను గ్రూపు అంతటికీ తనంతట తానే చేరవేసే ఖాతా) తయారు చేస్తున్నాను. ఇది ఉద్యోగానికి ఉపయోగపడుతుందా, లేక ఆ సమయాన్ని కూడా కోడింగ్ పరీక్షల సాధనకే కేటాయించాలా?

జవాబు: తప్పక ఉపయోగపడుతుంది. అయితే బాట్ పనిచేస్తోందని చూపితే చాలదు. అది ఏ సందర్భాల్లో ఏమీ చేయకుండా ఆగిపోవాలో, ఎందుకు ఆగాలో మీరు వివరించగలగాలి.

2016లో వచ్చిన మాస్టడాన్‌లో గ్రూపుల ఏర్పాటు లేకపోవడం వల్లే ఈ పద్ధతి పుట్టింది. సభ్యులందరూ ఒక బాట్ ఖాతాను ఫాలో అవుతారు; ఎవరైనా ఆ ఖాతాను మెన్షన్ చేస్తూ (దాని పేరు ప్రస్తావిస్తూ) రాసినప్పుడు బాట్ ఆ పోస్టును బూస్ట్ చేస్తుంది, అంటే తన ఫాలోవర్లకు మళ్ళీ పంచుతుంది; వేర్వేరు సర్వర్లలో ఉన్న సభ్యులకు అది చేరుతుంది. పైథాన్ బాగా వచ్చినవారికి ఇంతవరకు కొద్ది రోజుల పని మాత్రమే.

అసలు కష్టం ఆ తరువాత ఎదురవుతుంది. పోస్టును బూస్ట్ చేయకుండా అందులోని మాటలను కాపీ చేసి బాట్ తన పేరుతో ప్రచురిస్తే, రాసిన వ్యక్తి తరువాత దాన్ని తొలగించినా ఆ ప్రతి అలాగే మిగిలిపోతుంది. ఫాలోవర్లకు మాత్రమే అని రాసుకున్న మాట అందరి కళ్ళా పడే ప్రమాదం కూడా ఉంటుంది. ఈ తప్పును నేను చిన్నదిగా చూడలేను, ఎందుకంటే ఒకసారి నమ్మకం పోయిన గ్రూపులోకి మనుషులు తిరిగి రారు. రెండు బాట్‌లు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ పోతే అంతూపొంతూ లేని గొలుసు ఏర్పడుతుంది కనుక, మీ ఖాతాను ఆటోమేటెడ్ ఖాతాగా ప్రకటించడంతో పాటు, ఇతర బాట్‌ల మెన్షన్లను వదిలేసేలా కూడా రాయండి. మాస్టడాన్ ఏపీఐ (బయటి ప్రోగ్రాములు మాస్టడాన్‌తో మాట్లాడే మార్గం) సాధారణంగా ఒక ఖాతాకు 5 నిమిషాల్లో 300 అభ్యర్థనలనే అనుమతిస్తుంది. ఆ పరిమితి దాటినప్పుడు వేచి ఉండడం కూడా బాట్‌కు తెలియాలి. బాట్‌ను నడిపే సర్వర్ నియమాలను ముందే చదవండి, అవసరమైతే నిర్వాహకుల అనుమతి తీసుకోండి.

వీటితో పాటు, వెబ్ ప్రమాణాలను రూపొందించే సంస్థ డబ్ల్యూ3సి 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించిన యాక్టివిటీపబ్ పత్రాన్ని ఓపికగా చదవండి; మాస్టడాన్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఈ పద్ధతిలోనే. లెమ్మీ అనే చర్చా వేదిక ఇదే ప్రమాణంపై బాట్ అవసరం లేకుండా కమ్యూనిటీలను ఎలా నడుపుతోందో పోల్చి చూస్తే, మీ పద్ధతికి ఉన్న హద్దులు మీకే అర్థమవుతాయి. బ్యాకెండ్ (సర్వర్ వైపు ప్రోగ్రాములు రాసే) ఉద్యోగాలకు, వినియోగదారుల భద్రతను చూసే బృందాలకు కావలసిన ఆలోచన ఇక్కడే అలవడుతుంది.

కోడింగ్ సాధనను మాత్రం మానవద్దు, ఎందుకంటే చాలా సంస్థల్లో తొలి వడపోత దానితోనే జరుగుతుంది. వారంలో ఐదు రోజులు సాధనకు, రెండు రోజులు బాట్‌కు ఇవ్వండి. గ్రూపులో ఇరవై మంది చేరాక, వారి ఫిర్యాదులను, వాటికి మీరు చేసిన మార్పులను తేదీలతో సహా రాసిపెట్టి, ఆ పత్రాన్ని కోడ్ పక్కనే ఉంచండి.