పేరు కొడితే బిట్‌కాయిన్ చిరునామా రావాలంటే ఏ ఫార్మాట్?

ప్రశ్న: మేం చిన్న వాలెట్ యాప్ రాస్తున్నాం. యూపీఐ ఐడీలాగా ‘పేరు@డొమైన్’ కొడితే బిట్‌కాయిన్ చిరునామా రావాలి. జవాబును జేసన్‌లో ఇవ్వాలా, ఎక్స్‌ఎంఎల్‌లోనా? ఒక్క వరుస టెక్స్ట్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఒక్క వరుస చాలు. దయచేసి సొంత ఫార్మాట్ కట్టుకోకండి. క్యూఆర్ కోడ్ చదవడానికి బిప్ 21 యూఆర్ఐని (బిట్‌కాయిన్ ప్రమాణ పత్రాలైన ‘బిప్’లలో 21వది చెప్పే చెల్లింపు లింకు) విడదీసే కోడ్ మీ యాప్‌లో ఎలాగూ ఉంటుంది. అదే వరుసను డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేర్ల వివరాలు దాచే ఇంటర్నెట్ పట్టికలో) టీఎక్స్‌టీ రికార్డుగా, అంటే మామూలు టెక్స్ట్ నమోదుగా, పెట్టమంటుంది బిప్ 353. రికార్డు పేరులో ముందు మనిషి పేరు, తర్వాత ‘యూజర్’ అన్న మాట, ఆపైన అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ‘బిట్‌కాయిన్-పేమెంట్’, చివర డొమైన్, మధ్యలో చుక్కలు. విలువలో ‘బిట్‌కాయిన్’, కోలన్, ఆ వెంటనే చిరునామా. అంతే.

తప్పులు జరిగేది చిన్న చోట్లే. టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కో ముక్క 255 బైట్లు దాటకూడదు. ట్యాప్‌రూట్ అనే కొత్త తరహా బిట్‌కాయిన్ చిరునామా 62 అక్షరాలే కనుక ఇబ్బంది లేదు. బోల్ట్ 12 ఆఫర్ (బిట్‌కాయిన్ మీద నడిచే లైట్నింగ్ నెట్‌వర్క్‌లో మళ్లీ మళ్లీ వాడగల చెల్లింపు కోడ్) లాంటి పొడవాటివి చేర్చితే మాత్రం ఒకే రికార్డులో ముక్కలు చేయాలి, చదివేటప్పుడు మధ్యలో ఖాళీ రాకుండా అతికించాలి. ముక్కలు చేయమన్నారు కదా అని రెండు రికార్డులు పెట్టేస్తే అవి ఏ వరుసలో వస్తాయో ఎవరూ చెప్పలేరు. ‘బిట్‌కాయిన్’ రికార్డులు రెండు కనిపిస్తే యాప్ మొదటిది ఎంచుకోకూడదు, చెల్లింపే ఆపేయాలి.

డొమైన్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కదా అని రికార్డు మొత్తాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చకండి. పెద్ద, చిన్న అక్షరాలు వేర్వేరుగా లెక్కకొచ్చే పాత తరహా బేస్58 చిరునామా అక్కడే పాడవుతుంది. దాని చివర ఉండే 4 బైట్ల చెక్‌సమ్ (తప్పులు పట్టే సరిచూపు ముక్క) ఆ తప్పును పట్టుకుంటుంది కానీ డబ్బు పంపాల్సిన మనిషికి కారణం అర్థం కాదు.

యూఆర్ఐలో ఎంత పంపాలో కూడా రాస్తే ఆ అంకె బిట్‌కాయిన్లలో దశాంశంగా ఉంటుంది, సటోషీల్లో (బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు) కాదు. దాన్ని ఫ్లోట్‌గా (ఉజ్జాయింపుగా దాచే దశాంశ సంఖ్యగా) చదవకండి. అక్షరాల నుంచే నేరుగా 8 దశాంశ స్థానాల పూర్ణాంకంగా మార్చండి. యూఆర్ఐలో మీ యాప్‌కు తెలియని పారామీటర్లను (అదనపు వివరాలను) వదిలేయవచ్చు, కానీ అలాంటి దాని పేరు ‘రెక్’, హైఫన్‌తో మొదలైతే యూఆర్ఐ మొత్తాన్నీ తిరస్కరించాలి.

అన్నిటికన్నా ముఖ్యం డీఎన్‌ఎస్‌సెక్, అంటే డీఎన్‌ఎస్ రికార్డులకు డిజిటల్ సంతకాలు పెట్టే పద్ధతి. అది లేకపోతే దారిలో ఎవరైనా తమ చిరునామా పెట్టేయగలరు. దొంగ చిరునామాకూ చెక్‌సమ్ సరిగ్గానే ఉంటుంది! రిజాల్వర్ (మీ తరఫున డీఎన్‌ఎస్‌లో వెతికే సర్వర్) ‘సరిచూశాను’ అంటే నమ్మకుండా, సంతకాలను డీఎన్‌ఎస్ మూలమైన రూట్ దాకా యాప్‌లోనే సరిచూడండి.

ప్రశ్న: మరి జేసన్ ఎప్పుడు వాడాలి?

జవాబు: ప్రతి చెల్లింపుకూ కొత్త ఇన్‌వాయిస్ పుట్టించాల్సి వచ్చినప్పుడు. లైట్నింగ్ నెట్‌వర్క్‌లో ‘పేరు@డొమైన్’కు చెల్లించే లైట్నింగ్ అడ్రస్ పద్ధతిలో సర్వర్ హెచ్‌టీటీపీఎస్ మీద కాల్‌బ్యాక్ లింకు, కనిష్ఠ, గరిష్ఠ మొత్తాలు జేసన్‌లో ఇస్తుంది. మొత్తాలు మిల్లీసటోషీల్లో (సటోషీలో వెయ్యో వంతు) ఉంటాయి, జావాస్క్రిప్ట్ సంఖ్యలు 2 ఘాతం 53 దాటితే కచ్చితత్వం పోతుంది, కాబట్టి ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా కచ్చితంగా దాచే బిగ్‌ఇంట్ వాడండి. ఇందులో సర్వర్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

డీఎన్‌ఎస్‌లో మామూలు చిరునామా పెడితే మాత్రం అందరూ ఒకే చోటికి పంపుతారు, మీకు వచ్చిన ప్రతి చెల్లింపూ బిట్‌కాయిన్ బహిరంగ లెడ్జర్‌లో అందరికీ కనిపిస్తుంది. దానికి బదులు బిప్ 352 సైలెంట్ పేమెంట్ చిరునామా పెట్టండి, అందులో ప్రతి చెల్లింపూ లెడ్జర్‌లో వేరే చిరునామాకు వెళ్తుంది. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే, పాత టీటీఎల్ (రికార్డు కాపీని ఇతర సర్వర్లు ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు) ముగిసేలా ముందే దాన్ని 300 సెకన్లకు తగ్గించండి. పాత చిరునామాలో డబ్బు ఖర్చు చేయడానికి కావాల్సిన కీని మాత్రం భద్రంగా ఉంచండి, ఎవరి ఫోన్‌లోనో దాచుకున్న పాత చిరునామాకు డబ్బు తర్వాత కూడా రావచ్చు.