చెలకలో లేచిన నల్లరాయి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా చెలకను ట్రాక్టరుతో దున్నుతున్నప్పుడు నల్లగా, బరువుగా ఉన్న రాళ్లు లేచాయి. పగలగొడితే లోపల పసుపుపచ్చని మెరుపులు కనిపిస్తున్నాయి. ఊళ్లో కొందరు బంగారమే అంటున్నారు. పరీక్ష చేయించి పెడతానని ఒకాయన వచ్చి, తుపాకీలాంటి పరికరమొకటి రాతికి ఆనించి చూపించి, ముందుగా పైకం అడిగాడు. సర్కారు సంస్థ ఏదైనా వచ్చి చూసిపోతుందా, లేక మేమే ఎక్కడికైనా తీసుకుపోవాలా?
– ఒక రైతు, నర్సంపేట

సమాధానం: ముందుగా ఆయనకు పైకం ఇవ్వకండి. చేతిలో పట్టుకుని చూసే ఆ ఎక్స్-రే పరికరం ఇనుము, రాగి, మాంగనీసు వంటివి దండిగా ఉన్నప్పుడు కొంత పనికివస్తుంది కాని, టన్ను రాతిలో ఒకటి రెండు గ్రాములుండే బంగారాన్ని నమ్మకంగా చెప్పలేదు. పైగా జింకు, ఆర్సెనిక్ వంటి ఇతర మూలకాల సంకేతాన్ని బంగారంగా చూపించే పొరపాటు దానిలో తరచుగా జరుగుతుంది.

రాయిని చూడకుండా పేరు పెట్టడం భూగర్భ శాస్త్రంలో తగని పని. అయినా మీ ప్రాంతపు నేలను బట్టి ఒక ఊహ చెప్పవచ్చు. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైటు, చారలుండే నీసు శిలలు. వాటిని చీల్చుకుంటూ గోడల్లా నిలువుగా చొచ్చుకువచ్చిన నల్లని డోలరైటు శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు డైకులంటారు. మెత్తబడిన గ్రానైటు చుట్టూ కొట్టుకుపోయాక, ఈ డైకులు చెలకల మధ్య నల్లగుండ్ల వరుసలుగా మిగులుతాయి. డోలరైటులో ఇనుప మాక్షికం, అంటే బంగారంలా పసుపుగా మెరిసే పైరైటు, చిన్న చిన్న గింజలుగా ఉండడం మామూలే. ఇక మెరుపులు పలుచని రేకుల్లా ఊడివస్తుంటే అది అభ్రకం. మన పెద్దలు దానికి కాకిబంగారమని ఊరికే పేరు పెట్టలేదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. మెరుగుపూత లేని పింగాణీ పెంకు మీద, అంటే బాత్రూము టైలు వెనుకవైపున, ఆ పసుపు గింజను గట్టిగా గీయండి. పైరైటయితే ఆకుపచ్చ కలిసిన నల్లని గీత పడుతుంది. బంగారమయితే పసుపుపచ్చని గీతే పడుతుంది. సుత్తెతో కొడితే పైరైటు పొడి అవుతుంది, బంగారం రేకులా సాగుతుంది. రాతి ముక్కను అయస్కాంతం లాగితే అందులో మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం ఉన్నట్టు. డోలరైటులోనూ అది కొంత ఉంటుంది కనుక లాగినంత మాత్రాన ఇనుప గని దొరికిందని అనుకోవద్దు.

ఇక సంస్థల సంగతి. 1851లో ఏర్పడి, కోల్‌కతా ప్రధాన కార్యాలయంగా కేంద్ర గనుల శాఖ కింద పనిచేస్తున్న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు దక్షిణ ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులోని బండ్లగూడలో ఉంది. అయితే ఒక రైతు కబురు పంపగానే చెలకకు వచ్చి చూడడం ఆ సంస్థ పద్ధతి కాదు. ఏటా ముందుగా ఖరారయ్యే కార్యక్రమం ప్రకారం దాని బృందాలు ఒక్కొక్క పటాన్ని పట్టుకుని తిరుగుతాయి. 1:50,000 కొలబద్దలోని ఒక్కో పటంలో మన ప్రాంతాల్లో సుమారు 700 చదరపు కిలోమీటర్ల నేల ఉంటుంది. సుత్తె, వాలును కొలిచే దిక్సూచి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం తీసుకుని శాస్త్రజ్ఞులు వాగువెంట, గుట్టవెంట నడిచి, ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఏ దిక్కుకు వాలిందో పటం మీద గుర్తిస్తారు. దీనికి తోడు జాతీయ భూరసాయన పటాల పని ఒకటుంది. నేలను కిలోమీటరు గళ్లుగా విభజించి, వాగుల్లోని సన్నని ఒండ్రును సేకరించి, నాలుగు గళ్ల ఒండ్రును కలిపి ఒక నమూనాగా చేసి, అరవైకి పైగా మూలకాలను కొలుస్తారు. వాన ఏ గుట్టను కడిగిందో ఆ గుట్ట కబురును వాగు మోసుకొస్తుంది కనుక, ఒక వాగులో రాగి గాని క్రోమియం గాని అసాధారణంగా పెరిగితే ఎగువన వెతకాలని తెలుస్తుంది. ఇలా తయారైన పటాలు, నివేదికలు సంస్థవారి భూకోశ్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకున్నవారికి ఉచితంగా దొరుకుతాయి. మీ మండలం కింద ఏ శిల ఉందో చూడడానికి అంతకన్న సులువైన దారి లేదు. డిగ్రీ చదువుతున్న పిల్లలెవరైనా ఉంటే వారితో తెరిపించండి.

ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవడం వేరు. వెలుపలివారి నమూనాలను రుసుముపై పరీక్షించే ఏర్పాటు సర్వేకు ఉంది. రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ జిల్లా కార్యాలయంలో కూడా విచారించవచ్చు. ప్రయోగశాలల పనితీరును పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలూ ఉన్నాయి. నమూనా పంపకముందే రుసుము ఎంతో, ఫలితం ఎన్నాళ్లకు వస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అంతకన్న ముఖ్యంగా, ఏ పరీక్ష కావాలో చెప్పాలి. "ఇందులో ఏముందో చూడండి" అని రాయి ఇస్తే ప్రయోగశాలవారు చేయగలిగింది తక్కువ.

రాయి పేరు తెలియాలంటే పలుచని ఛేదం కావాలి. రాతి ముక్కను గాజు పలకకు అంటించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. అంత పలుచన చేస్తే నల్లరాతిలోని ఖనిజాల్లో చాలామట్టుకు వెలుతురును తమగుండా పోనిస్తాయి, ధ్రువీకృత కాంతి సూక్ష్మదర్శిని కింద వాటి రంగులను బట్టి ఏది ఫెల్స్పారో, ఏది పైరాక్సీనో తెలుస్తుంది. సిలికా, ఇనుము, అల్యూమినియం వంటి ప్రధాన ఆక్సైడుల పాళ్లు తెలియాలంటే పొడిని బిళ్లగా ఒత్తి ఎక్స్-రే ఫ్లోరెసెన్సు యంత్రంలో పెడతారు. బంగారానికి మాత్రం ఇప్పటికీ పాత పుటమే ఆధారం. పొడిలో సీసపు ఆక్సైడును, రాయి తేలికగా కరిగేందుకు తోడ్పడే పొడులను కలిపి మూసలో కరిగిస్తారు. కరిగిన సీసం బంగారాన్ని తనలో చేర్చుకుని అడుగున ముద్దగా చేరుతుంది. ఆ ముద్దను ఎముకబూడిద గిన్నెలో మళ్లీ కాలిస్తే సీసం గిన్నెలోకి ఇంకిపోయి, బంగారం, వెండి కలిసిన చిన్న గుండు మిగులుతుంది. మన కంసాలులకు ఈ విద్య కొత్త కాదు.

ఎంత మంచి యంత్రమైనా సంచిలో వచ్చినదాన్నే కొలుస్తుంది, కనుక నమూనా తీయడంలో జరిగిన తప్పును ఏ ప్రయోగశాలా దిద్దలేదు. మెరిసే ముక్కలనే ఏరి పంపితే ఆ ముక్కల లెక్క వస్తుంది, మీ చెలక లెక్క రాదు. పొలంలో దొర్లుతున్న రాయి కన్న, నేలలో పాతుకుని ఉన్న బండ నుంచి, గాలికి వానకు మెత్తబడిన పైచెక్కును కొట్టివేసి, లోపలి తాజా రాతిని కిలో రెండు కిలోలు తీయాలి. ఒక్కచోటనే కాక అడ్డంగా కొన్ని చోట్ల తీసి, ఒక్కో సంచిలో చీటీ వేసి, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలను రాసిపెట్టాలి. బంగారు పరీక్షకు తీసేవారు చేతి ఉంగరం తీసి పక్కన పెట్టాలి. ఉంగరం నుంచి రాలిన నలుసు కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ప్రయోగశాలలో ఆ కిలోలన్నిటినీ నలగ్గొట్టి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని ఉంచుకుని, మళ్లీ కుప్ప పోసి, ఇలా తగ్గిస్తూ వస్తారు. చివరికి యంత్రంలోకి పోయే కొద్ది గ్రాములు మొత్తం రాతికి ప్రతినిధిగా ఉండాలనే ఇంత శ్రమ.

ఒకవేళ ఖనిజమే ఉన్నా, పట్టా ఉన్నంత మాత్రాన తవ్వుకునే హక్కు రాదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద లీజు తప్పనిసరి. 2015 సవరణ తరువాత ప్రధాన ఖనిజాల లీజులు వేలంలోనే ఇస్తున్నారు.

ప్రశ్న: పరకాల దగ్గర మా పొలంలో మూడు బోర్లు ఎండిపోయాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చూసే ఆయన చెప్పిన చోటనే వేశాము. భూగర్భ సర్వేవాళ్లు యంత్రంతో నీళ్ల చోటు చూపిస్తారని విన్నాను, నిజమేనా?
– మరొక పాఠకుడు, పరకాల

సమాధానం: మీరడుగుతున్న పని భూగర్భ సర్వేది కాదు, భూగర్భ జల శాఖది. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల చాలామంది తికమకపడతారు. రాష్ట్ర భూగర్భ జల శాఖకు జిల్లాలో కార్యాలయం ఉంది, అక్కడ దరఖాస్తు ఇవ్వండి. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, నేల, చెట్ల పరిరక్షణ చట్టం కింద అనుమతి కూడా కావాలి.

వారు వాడే పద్ధతి విద్యుత్ నిరోధం కొలవడం. నేలలో వరుసగా నాలుగు ఇనుప కడ్డీలు దిగగొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీని కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరుపుతున్నకొద్దీ లోతైన పొరల సంగతి తెలుస్తుంది. నీటితో తడిసిన మోరం నిరోధం తక్కువగా, పగులు లేని గట్టి గ్రానైటుది వేల ఓమ్-మీటర్లలో ఉంటుంది. అయితే ఆ యంత్రం నీటిని చూడదు, నిరోధాన్నే చూస్తుంది. బంకమట్టి కూడా తక్కువ నిరోధమే చూపిస్తుంది. నూరు మీటర్ల లోతులోని సన్నని పగులు పైనుంచి దాదాపు కనిపించదు. అందువల్ల ఈ పరీక్ష తరువాత కూడా బోరు ఎండవచ్చు. కాని మోరం పలుచగా ఉన్న చోటు ఏదో ముందే తెలుస్తుంది కనుక, అక్కడ డబ్బు పోయకుండా ఆగవచ్చు. కడ్డీల వరుసకు వందల మీటర్ల పొడవున అడ్డు లేని జాగా కావాలి, కాబట్టి పంట కోసిన తరువాత పిలవడం మేలు. మీ పొలంలో నల్లగుండ్ల వరుస ఉంటే ఆ సంగతి వారికి తప్పక చెప్పండి. డైకు నేల కింద కట్టలా అడ్డుపడి, ఎగువవైపు నీటిని నిలిపి, దిగువవైపును ఎండగట్టడం ఈ ప్రాంతంలో అరుదు కాదు.

నీళ్లు పడితే ఫ్లోరైడు పరీక్ష మరవకండి. గ్రానైటులోని అభ్రకం, అపటైటు వంటి ఖనిజాల నుంచి అది నీటిలో దిగుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీరు లేనిచోట 1.5 దాకా అనుమతిస్తారు. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు ఇచ్చేటప్పుడు గాజు సీసాలో కాక, అదే నీటితో రెండు మూడు సార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో ఇవ్వండి.

ప్రశ్న: 2024 డిసెంబరు 4న వచ్చిన భూకంపం తరువాత మా ఇంటి గోడకు చీలిక కనిపించింది. సర్వే సంస్థ పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుందా?
– గృహిణి, ములుగు

సమాధానం: ఇవ్వదమ్మా. ఆ ఉదయం 7.27కు నమోదైన 5.3 తీవ్రత భూకంపం వంటివి వచ్చినప్పుడు సర్వే బృందాలు ఊరూరా తిరిగి, ఎక్కడ పాత్రలు కదిలాయో, ఎక్కడ గోడలు చీలాయో అడిగి, కుదుపు ఏ ఊరికి ఎంత తగిలిందో పటం గీస్తాయి. మీ గోడ వారికి ఒక సమాచారమే తప్ప, దాని భద్రతను తేల్చడం నిర్మాణ ఇంజినీరు పని. చీలికకు అడ్డంగా పలుచని గాజుముక్కను సిమెంటుతో అంటించి, పక్కన తేదీ రాసిపెట్టండి. గాజు విరిగితే చీలిక ఇంకా పెరుగుతున్నదని అర్థం, అప్పుడు ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: గోదావరి ఒడ్డున ఇసుకరాతిలో చెక్కలా కనిపించే రాయి దొరికింది. శిలాజమా? తీసుకువచ్చి చూపించవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

సమాధానం: కావచ్చు. ప్రాణహిత, గోదావరి లోయలోని ఇసుకరాళ్లలో శిలగా మారిన కలప దొరుకుతుంది. మంచిర్యాల జిల్లా యామన్‌పల్లి దగ్గర సర్వే శాస్త్రజ్ఞులు తవ్వితీసిన ఎముకల నుంచే కోటాసారస్ అనే రాక్షసిబల్లి లోకానికి తెలిసింది. 1988లో దానికి ఆ పేరు పెట్టారు, దాని అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో ఉంది. ఇల్లందు బొగ్గును 1871లో గుర్తించిన విలియం కింగ్ కూడా ఈ సర్వే ఉద్యోగే.

మీ రాయిని మాత్రం పెకలించి తేవద్దు. అది ఏ పొరలో, ఎటు వాలి ఉందన్నదే దాని వయసును చెబుతుంది. సంచిలో పడ్డాక ఆ సంగతి పోతుంది. పక్కన ఒక నాణెం పెట్టి దగ్గరగా ఒకటి, చుట్టూ నేల కనిపించేలా ఇంకొకటి ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశాలతో మీ అధ్యాపకుల ద్వారా బండ్లగూడ కార్యాలయానికి పంపండి. వాగు పొంగితే కొట్టుకుపోయే చోట ఉంటే ఆ మాట ఉత్తరంలో మొదటి వాక్యంగా రాయండి.