ఒంటిపూట బడుల్లో మధ్యాహ్నం క్లాసులు: ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. మా పాప ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఒంటిపూట బడులు మొదలైనా స్పెషల్ క్లాసులంటూ మూడున్నర దాకా కూర్చోబెడుతున్నారు. 40 డిగ్రీలు దాటితే బడి మూసేయాలని చట్టంలో లేదా?

జవాబు: లేదండీ. ఇన్ని డిగ్రీలకు బడి మూయాలని మన చట్టాల్లో ఎక్కడా రాసి లేదు. మైదాన ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. నేరుగా 45కి చేరినా అంతే. అది హెచ్చరికే తప్ప సెలవు ఉత్తర్వు కాదు. విద్యాశాఖో కలెక్టరో ఉత్తర్వు ఇస్తేనే స్కూలు దానికి కట్టుబడాలి.

కాబట్టి ముందు ఆ ఉత్తర్వు కాపీ సంపాదించండి. తెలంగాణలో సాధారణంగా మార్చి 15 ప్రాంతం నుంచి ఉదయం 8 మొదలు 12.30 దాకా బడి. ఆ ఉత్తర్వులో 'అన్ని యాజమాన్యాలు' (అంటే ప్రైవేటు బడులు కూడా) అన్న మాట, పదో తరగతికి ఇచ్చిన మినహాయింపు చూసుకోండి. పదికి ఇచ్చిన వెసులుబాటు తొమ్మిదికి వర్తించదు. '220 పనిదినాలు నిండలేదు' అని స్కూలు వాళ్లు అంటారేమో. విద్యాహక్కు చట్టంలో ఆ లెక్క ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. మీరు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టినా ఉత్తర్వు రద్దైపోదు.

ఫిర్యాదు ఒక్క పేజీ చాలు. 'ఎండలు మండుతున్నాయి' అని రాస్తే ఫైలు కదలదు. ఏ తేదీన, ఏ తరగతిని, ఎన్నింటి దాకా ఉంచారో, ఉత్తర్వు నంబరెంతో రాయండి. స్కూలు పంపిన వాట్సాప్ మెసేజీ ప్రింటు జత చేయండి. ఎంఈవోకి (మండల విద్యాధికారికి) ఇచ్చి, డీఈవోకి (జిల్లా విద్యాధికారికి) కాపీ పెట్టి, మీ కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. నాలుగైదు రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి.

చాలామంది ముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తారు. ఉత్తర్వు ధిక్కరణకు భారతీయ న్యాయ సంహితలో 223 సెక్షన్ ఉంది గానీ, సంబంధిత అధికారో ఆయన పైఅధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు చేపడుతుంది. విపత్తు నిర్వహణ చట్టం 51 సెక్షన్‌లో ఏడాది దాకా జైలు ఉంది. అయితే ఆదేశం ఆ చట్టం కింద ఇచ్చినదై ఉండాలి. పైగా మామూలు పౌరుడు కోర్టుకెళ్లాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఈలోపు వేసవి సెలవులే వచ్చేస్తాయి!

పాప ఎప్పుడైనా క్లాసులో సొమ్మసిల్లితే ఆ దారి వేరు. స్కూలు నుంచి ఎన్నింటికి తీసుకొచ్చారో ఆసుపత్రి కేస్ షీట్‌లో అప్పుడే రాయించండి. తర్వాత నిర్లక్ష్యం కేసు వేయాల్సి వస్తే, 12.30 దాటాక పాప బడిలోనే ఉందని చూపడానికి అది పనికొస్తుంది.