ఎనిమిది మంది అతిథులకు ఒక గిన్నెడు సూపు

అమ్మాయీ, మీ వారి మేనేజర్ కుటుంబంతో కలిపి ఎనిమిది మందిని శనివారం రాత్రి భోజనానికి పిలిచామని, రెస్టారెంట్ నుంచి ఆరు ట్రేలు చెప్పేయమంటారా అని అడిగావు. వద్దు. ముందు ఆ ఆర్డర్ ఆపు. అమెరికా వచ్చి ఆరు నెలలే అయింది, చదువుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదని నువ్వే రాశావు. ఆ ట్రేల డబ్బుతో ఒక నెల కిరాణా వస్తుంది. మొదట వేడివేడిగా సూపు పెట్టు, తర్వాత ఒక మంచి కూర, అన్నం. చాలు.

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చిన కొత్తలో, 2007 డిసెంబరులో, నీలాగే మావారి ఆఫీసు వాళ్లను పిలిచాను. మనింటికి వచ్చినవాళ్లు కడుపు నిండా తిని వెళ్లాలని పెంచారు మనల్ని. అందుకని మిరపకాయ బజ్జీలు, చికెన్ 65, గుత్తి వంకాయ, వేటమాంసం, బిర్యానీ, రెండు స్వీట్లు. సగం వండాను, సగం తెప్పించాను. మొత్తం 210 డాలర్లు, క్రెడిట్ కార్డు మీద. మనవాళ్లయితే ఆరని చెబితే ఏడున్నరకు వస్తారు. వాళ్లు ఆరంటే ఆరింటికే తలుపు తట్టారు, నేనింకా మూకుడు ముందే ఉన్నాను. వచ్చినవాళ్లు నిలబడే బజ్జీలు తిని, బిర్యానీ దగ్గరికి వచ్చేసరికి రెండు గరిటెలు చాలన్నారు. మిగిలిన మాంసం నాలుగు రోజులు తిన్నాం, మిగతాది పారేశాం. ఆ బిల్లుకు మినిమమ్ కడుతూ, వడ్డీతో సహా తీరేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆ నెలల్లో ఇంటికి డబ్బు పంపలేకపోయాను. అమ్మకు ఏదో సాకు చెప్పిన ఆ ఫోన్ ఇప్పటికీ గుర్తుంది.

జనవరిలో మావారి మేనేజరు గారింటికి మమ్మల్ని పిలిచారు. అందరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆ ఇంటావిడ చిన్న గిన్నెల్లో బటర్‌నట్ స్క్వాష్ సూపు పెట్టారు. మన తియ్య గుమ్మడికాయకు చుట్టం లాంటిది అది. పైన ఒక చెంచా క్రీమ్, నాలుగు వేయించిన గుమ్మడి గింజలు. పావుగంట సేపు అందరూ మెల్లగా తాగుతూ మాట్లాడుకున్నారు. తర్వాత ఒక కోడి, సలాడ్, బ్రెడ్. అంతే! ఎవరికీ ఏమీ తక్కువైనట్టు అనిపించలేదు. మన విస్తట్లో అన్నీ ఒకేసారి పడతాయి, వాళ్ల పద్ధతిలో ఒకటి తిన్నాక ఒకటి వస్తుంది. మొదటి ఆకలి సూపుతోనే తగ్గుతుంది కాబట్టి ఖరీదైన కోడి, చేప తక్కువలో సరిపోతాయి. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను, ఎంత వేసినా నలభై డాలర్లు దాటలేదు.

సరే, నేనూ చేద్దామని మొదలుపెట్టి మూడు తప్పులు చేశాను. నువ్వు చేయకు.

మొదటిసారి స్క్వాష్ ఉడికించి, పొగలు కక్కుతున్నది కక్కుతున్నట్టే మిక్సీ నిండా పోసి మూత పెట్టి నొక్కాను. లోపలి ఆవిరికి మూత ఎగిరిపోయింది. పసుపురంగు మరక సీలింగ్ దాకా, నా మణికట్టు మీద బొబ్బ. వేడిది ఎప్పుడైనా సగానికి మించి పోయకు, మూత మధ్యలోని చిన్న బిళ్ల తీసేసి గుడ్డ కప్పి తిప్పు. గిన్నెలోనే ముంచి తిప్పే హ్యాండ్ బ్లెండర్ ఇరవై ముప్పై డాలర్లలో దొరుకుతుంది. నేను డబ్బు పెట్టమని చెప్పే వస్తువు అదొక్కటే.

రెండోసారి టమాటా చారే గిన్నెల్లో పోసి పెట్టాను. ఆ పులుపుకి, మిరియాల ఘాటుకి ఒకాయన దగ్గుతూ నీళ్ల కోసం లేచాడు. చారు అన్నంలోకి చేసుకునేది, ఉత్తగా తాగాలంటే చింతపండు, మిరియాలు బాగా తగ్గాలి, పప్పు పెరగాలి. మలిగటానీ సూపు పుట్టిందే అలా. తమిళంలో మిళగు తణ్ణీర్, అంటే మిరియాల నీళ్లు, ఇంగ్లిష్ వాళ్ల చేతిలో చిక్కబడి ఆ పేరుతో మిగిలింది.

మూడోది నన్ను నిజంగా బాధపెట్టింది. టైం లేక డబ్బా వెజిటబుల్ సూపు వేడిచేసి పెట్టాను. తిన్నాక చూస్తే లేబుల్ మీద చికెన్ బ్రాత్, అంటే కోడి ఉడికించిన నీళ్లు, అని ఉంది. వచ్చినవాళ్లలో ఒకావిడ శాకాహారి. డబ్బా మీద కూరగాయల బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మకు, వెనక్కి తిప్పి చదువు.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను, పదహారేళ్లుగా ఇదే. ఒకటిన్నర కప్పు మైసూరు పప్పు, రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, అంగుళం అల్లం. ఉల్లి, అల్లం నూనెలో మగ్గించి, పప్పు, క్యారెట్, ఎనిమిది కప్పుల నీళ్లు పోసి అరగంట సన్నమంట మీద ఉడికించు. మెత్తగా తిప్పి, ఉప్పు, చివర్లో నిమ్మరసం. గిన్నెలో పోశాక అర చెంచా నేతిలో చిటపటలాడించిన జీలకర్ర పైన వెయ్యి. ఎనిమిది మందికి సరిపోతుంది, ఖర్చు ఆరేడు డాలర్లు. మధ్యాహ్నమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, వాళ్లు ఆరింటికే వచ్చినా నీకు టెన్షన్ ఉండదు.

గిన్నెలకు షాపింగ్ మాల్‌కు వెళ్లకు. పాత వస్తువులు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్‌లో తెల్ల పింగాణీవి ఎనిమిది, ఒక్కోటి డాలర్‌కు కొన్నాను. ఒక దానికి అంచు కొంచెం పెచ్చు ఊడితే అది నేను తీసుకుంటాను. పోసేముందు వాటిలో వేడి నీళ్లు పోసి తీసెయ్యి, చలికి గిన్నె చల్లగా ఉంటే సూపు రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. మూడొంతుల్లో రెండొంతులే నింపు. ఎవరికైనా ఏదైనా పడదేమో, అలర్జీ ఉందేమో పిలిచేటప్పుడే అడుగు.

వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మళ్లీ వేడిచేస్తే 165 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా. మిగతా రూల్స్ అమెరికా వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో.

సూపు మిగిలితే చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టు, పైన ఒక వేలు ఖాళీ వదులు, గడ్డకడితే పొంగుతుంది. సోమవారం మీ వారి లంచ్‌కి ఒక డబ్బా ఇచ్చి పంపు, బయట తినే పదిహేను డాలర్లు మిగులుతాయి.