ప్యాకెట్ ఎక్కడ ఆగిందో ముందు చూడు: మేనల్లుడికి ఒక లేఖ

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి నీ మేనత్త ఆశీస్సులు.

రాత్రి నువ్వు పంపిన సందేశం రెండుసార్లు చదివాను. రుషికొండలో మీ ఆఫీసు సర్వర్ మీద నడిచే ఆరు వీఎంలకూ (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లకు) నిన్న సాయంత్రం నుంచి బయటి నెట్‌వర్క్ అందడం లేదని, వాటిని మోసే హోస్ట్‌కు, అంటే ఆ సర్వర్‌కు, మాత్రం ఇంటర్నెట్ బాగానే వస్తోందని, హోస్ట్ నుంచి వీఎంలకు పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పలకరింపు) కూడా వెళుతోందని రాశావు. సర్వర్‌ను మూడుసార్లు రీస్టార్ట్ చేసి, రెండు వీఎంల ఐపీలు (నెట్‌వర్క్ చిరునామాలు) మార్చి, చివరికి వాటి లోపలి ఫైర్‌వాల్‌లను కూడా ఆపేశావట. నాన్నా, ఇక దేన్నీ మార్చకు. ఆ ఫైర్‌వాల్‌లను తిరిగి ఆన్ చేసి, ఐపీలను పాత స్థితికి తెచ్చి, ఇప్పటిదాకా చేసినవన్నీ గుర్తున్నంతవరకు సమయంతో సహా ఒక కాగితం మీద రాసుకో. కారణం తెలియకుండా మార్పులు చేస్తూ పోతే, కొంతసేపటికి అసలు లోపం ఏదో, మనం తెచ్చిపెట్టుకున్న లోపం ఏదో విడదీయలేని పరిస్థితి వస్తుంది.

వీఎం నుంచి బయలుదేరిన ప్యాకెట్, అంటే సమాచారపు చిన్న మూట, నడిచే దారి నీ మనసులో స్పష్టంగా ఉండాలి. వీఎం లోపల కనిపించే నెట్‌వర్క్ కార్డుకు అవతలి కొస హోస్ట్‌లో వీనెట్0 వంటి పేరుతో ఉంటుంది. ఆ కొసను బీఆర్0 అనే బ్రిడ్జ్‌కు, అంటే హోస్ట్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్‌కు, తగిలిస్తారు. సర్వర్ అసలు కార్డు కూడా అదే బ్రిడ్జ్‌కు తగిలి ఉంటుంది కనుక ప్యాకెట్ అక్కడి నుంచి కేబుల్‌కు, స్విచ్‌కు, బయటి నెట్‌వర్క్‌కు వాకిలి అయిన గేట్‌వేకు చేరుతుంది. ఎందుకు ఆగిందన్న ప్రశ్న తరువాతిది. ఈ దారిలో ఎక్కడ ఆగిందో తేలేవరకు దాని జోలికి వెళ్ళకు.

మొదట ఒకే ఒక్క వీఎంలోకి వెళ్ళి దానికి ఐపీ ఉందో లేదో చూడు. 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే ఐపీలు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం. ఐపీ సరిగానే ఉంటే గేట్‌వేకు పింగ్ పెట్టు, తరువాత బయటి ఐపీ ఒకదానికి, ఆఖరున ఒక వెబ్‌సైట్ పేరుకు పెట్టు. అంకెలకు జవాబు వచ్చి పేర్లకు రాకపోతే అది పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్‌ఎస్ సమస్య మాత్రమే, బ్రిడ్జ్‌ను ముట్టుకోనక్కరలేదు.

గేట్‌వేకే పింగ్ అందకపోతే హోస్ట్‌లో రెండు టెర్మినల్ కిటికీలు పక్కపక్కన తెరిచి, ఒకదానిలో వీనెట్0 మీద, రెండోదానిలో సర్వర్ అసలు కార్డు మీద వచ్చీపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ నడిపి, వీఎం నుంచి పింగ్ వదిలి, రెండింటినీ కళ్ళారా చూడు. వీఎం ముందుగా "గేట్‌వే ఐపీ ఎవరిది?" అని ఏఆర్‌పీతో (ఒక ఐపీ ఏ కార్డుదో కనుక్కునే పద్ధతితో) అడుగుతుంది. ఆ ప్రశ్న వీనెట్0 మీదే కనిపించకపోతే లోపం వీఎంలో ఉంది. ప్రశ్న అసలు కార్డు దాటి వెళ్ళినా జవాబు రాకపోతే కేబుల్, స్విచ్, వీల్యాన్ (ఒకే స్విచ్‌ను విడివిడి నెట్‌వర్క్‌లుగా చీల్చే) అమరిక చూడాలి. ఒక పోర్టుకు ఒకే మ్యాక్ చిరునామాను (కార్డు గుర్తింపు సంఖ్యను) అనుమతించేలా స్విచ్‌ను కట్టుదిట్టం చేసినప్పుడు హోస్ట్ పనిచేస్తూ వీఎంలు మాత్రం మూగబోతాయి. ఇక మూడో సంగతి: ఏఆర్‌పీకి జవాబు వచ్చి, పింగ్ ప్యాకెట్ వీనెట్0 మీద కనిపించి, అసలు కార్డు మీద మాత్రం కనిపించకపోతే, దాన్ని హోస్టే మధ్యలో పారేస్తోంది.

నీ విషయంలో ఈ మూడోదే కనిపిస్తుందని నా అంచనా. నిన్న మధ్యాహ్నం ఎవరో ఆ హోస్ట్ మీద డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేశారని నువ్వు మాటల మధ్యలో రాశావు. నీ సందేశం మొత్తంలో నాకు పనికివచ్చిన వాక్యం అదే. హోస్ట్‌లో ఐపీ ఫార్వర్డింగ్‌ను (ఇతరుల ప్యాకెట్లను ముందుకు పంపడాన్ని) తానే ఆన్ చేయవలసి వస్తే, డాకర్ ఐపీటేబుల్స్ అనే లైనక్స్ ఫైర్‌వాల్‌లో, దాటిపోయే ప్యాకెట్ల నియమాల వరుస అయిన ఫార్వర్డ్ చైన్ పాలసీని డ్రాప్‌గా (పారేయమని) మారుస్తుంది. బ్రిడ్జ్ ట్రాఫిక్‌ను ఐపీటేబుల్స్‌కు పంపే బ్రిడ్జ్ నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ కూడా లోడ్ అయి ఉంటే, బీఆర్0 మీదుగా పోయే మీ వీఎంల ప్యాకెట్లు సైతం ఆ చైన్‌లోకి వెళ్ళి అక్కడే పడిపోతాయి. ఏఆర్‌పీ అనేది ఐపీ ప్యాకెట్ కాదు కనుక ఆ నియమాలు దానికి వర్తించవు. హోస్ట్‌కూ వీఎంకూ మధ్య పింగ్ ఫార్వర్డ్ చైన్‌లోకి రాదు కనుక అదీ అందుతుంది. ఫార్వర్డ్ చైన్‌ను కౌంటర్లతో సహా చూపించమను. పాలసీ డ్రాప్ అన్న మాట పక్కన ఉండే ప్యాకెట్ల సంఖ్య నీ పింగ్‌తో పాటు ఒక్కొక్కటిగా పెరుగుతుంటే అనుమానం తీరినట్లే. అప్పుడు మన సొంత నియమాల కోసం డాకర్ ఉంచే డాకర్-యూజర్ చైన్‌లో, బీఆర్0 నుంచి వచ్చి బీఆర్0కే పోయే ట్రాఫిక్‌ను అనుమతించే నియమం ఒకటి చేర్చి, రీస్టార్ట్ తరువాత కూడా అది నిలిచేలా ఏర్పాటు చెయ్యి. బ్రిడ్జ్ ట్రాఫిక్‌ను ఐపీటేబుల్స్‌కు పంపే సెట్టింగ్‌నే సున్నా చేయమని కొందరు చెబుతారు. అది హోస్ట్‌లోని బ్రిడ్జ్‌లన్నిటికీ, డాకర్ సొంత బ్రిడ్జ్‌కు కూడా వర్తిస్తుంది కనుక నేను దాన్ని మెచ్చను.

ఇది కాక, రేపోమాపో నీకు ఎదురయ్యే మరొక చిక్కు చెబుతాను. నేను ఒక కాలేజీ ల్యాబ్ చూసుకున్న రోజుల్లో ఒకే టెంప్లేట్ నుంచి క్లోన్ చేసిన (నకలు తీసిన) ఉబుంటు వీఎంలు రెండు నిమిషాలు పనిచేసి, రెండు నిమిషాలు ఆగిపోతుండేవి. మ్యాక్ చిరునామాలు వేరువేరుగానే ఉన్నాయి. రౌటర్‌లో ఏఆర్‌పీ పట్టికను మళ్ళీమళ్ళీ తెరిచి చూస్తే, ఒకే ఐపీ ఎదుట 52:54:00తో మొదలయ్యే మ్యాక్ చివరి రెండు అంకెలు ఒకసారి ఒక విధంగా, మరుక్షణం మరో విధంగా ఉన్నాయి. ఆ వీఎంలలో నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీని అడిగేటప్పుడు మ్యాక్‌ను కాక మెషీన్-ఐడీ (ప్రతి యంత్రానికీ విడిగా ఉండాల్సిన గుర్తింపు) నుంచి తయారైన గుర్తును పంపుతుంది. క్లోన్లన్నిటికీ మెషీన్-ఐడీ ఒకటే కనుక సర్వర్ వాటిని ఒకే యంత్రం అనుకుని ఒకే ఐపీ ఇచ్చింది. ఆ ల్యాబ్‌లో పిల్లల పరీక్ష ఒకటి సగంలో ఆగింది, ఆ పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. టెంప్లేట్‌ను షట్‌డౌన్ చేసే ముందు మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేస్తే ప్రతి క్లోన్ మొదటి బూట్‌లో కొత్తది తయారు చేసుకుంటుంది. ఫైలును చెరిపేయవద్దు, ఖాళీగా ఉంచితే చాలు.

కరెంటు పోయి వచ్చిన తరువాత వీఎంలకు ఐపీ రాకపోతే బ్రిడ్జ్‌లో ఎస్‌టీపీ (ప్యాకెట్లు ఒకే చోట చుట్టూ తిరగకుండా కాపాడే పద్ధతి) ఆన్‌లో ఉందేమో చూడు. అందులో పోర్టు ఆగి చూసే ఫార్వర్డ్ డిలే మామూలుగా 15 సెకన్లు, అది రెండు దశల్లో గడవాలి కనుక పోర్టు 30 సెకన్ల వరకు ఏదీ పంపదు; ఈలోగా వీఎం డీహెచ్‌సీపీని అడిగి విసిగి ఊరుకుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని అతలాకుతలం చేసిన తరువాత, కరెంటు వచ్చీపోయే ఆ రోజుల్లో ఈ పాఠం నాకు పదేపదే ఎదురైంది. పింగ్ అందుతూ పెద్ద ఫైళ్ళు మాత్రం మధ్యలో నిలిచిపోతే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) చూడు. ఫ్రాగ్మెంట్ చేయవద్దన్న (ముక్కలు చేయవద్దన్న) షరతుతో 1472 బైట్ల పింగ్ (హెడర్ల 28 బైట్లతో కలిపి 1500) పెట్టు: అది వెళ్ళకుండా చిన్నది వెళితే దారిలో వీపీఎన్ వంటిది ఏదో 1500 కంటే తక్కువ పరిమితి పెట్టింది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద వైఫై ద్వారా బ్రిడ్జ్ చేయాలని ప్రయత్నించి సమయం పోగొట్టుకోకు, యాక్సెస్ పాయింట్ తనతో జతకట్టిన మ్యాక్ నుంచి వచ్చినవే తప్ప వీఎం మ్యాక్‌తో వచ్చే ఫ్రేములను సాధారణంగా ఒప్పుకోదు. అక్కడ నాట్ (వీఎంలు హోస్ట్ చిరునామాతోనే బయటికి వెళ్ళే పద్ధతి) సరిపోతుంది.

మీ ఆఫీసు సముద్రానికి ఎదురుగా ఉంది. ఉప్పుగాలికి సర్వర్ వెనుక కేబుల్ కొసల్లోని పిన్నులు మసకబారతాయి, ఆరునెలలకోసారి తీసి చూస్తూ ఉండు. ప్రస్తుతానికి ఆ రెండు కిటికీలలో వచ్చిన అక్షరాలను, ఫార్వర్డ్ చైన్ కౌంటర్లను ఉన్నవి ఉన్నట్లుగా నాకు పంపు. నియమం చేర్చడానికి ముందు ఒకసారి, చేర్చిన తరువాత ఒకసారి తీసి పంపితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. రాత్రి పదింటి వరకు మేలుకునే ఉంటాను, ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మేనత్త