చెలకలో రెండు తలల పాము కనిపించింది, లక్షలిస్తామంటున్నారు, ఏం చేయాలి?

పల్లికాయ పీకుతుంటే పాము బయటపడిందని, ఆ మాట ఊరంతా పాకి ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారని రాశారు కదా అన్నా, ముందు ఆ ఫోన్లు ఎత్తడం మానేయండి. మాది దేవరకొండ వైపు బత్తాయి తోట, ఈ పాము మాకు కొత్తేం కాదు.

దానికి ఉన్నది ఒక్కటే తల. తోక కూడా కొస దాకా లావుగా, మొద్దుగా ఉండేసరికి జనం అట్లా అనుకుంటారు. మా తోటలో పాదు తవ్వుతుంటే మట్టిరంగులో, దాదాపు మూడడుగులది ఒకటి బయటికొచ్చింది. పారిపోలేదు, బుస కొట్టలేదు, చుట్టుకుపోయి తలను ఒంటి కింద దాచుకుని తోకను పైకి పెట్టింది. దెబ్బ పడితే తోక మీదే పడాలన్నమాట, అందుకే దాని తోక మీద పాత గాట్లు ఉన్నాయి. మేం కాస్త దూరం జరిగాక తల తీసింది. చదునైన ముక్కు, ఆవగింజంత కళ్లు. ఆ ముక్కుతోనే మట్టిని నెట్టుకుంటూ మెల్లగా లోపలికి దిగిపోయింది.

దానికి వదులు నేల కావాలి. మన ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు, వాగు ఒడ్డు ఇసుక, ఎలుక బొక్కలున్న పాత గట్లు, ఇవే దాని ఇల్లు. పగలు ఎక్కువగా మట్టిలోనే ఉండి చీకటి పడ్డాక ఎలుకల కోసం తిరుగుతుంది, దొరికినదాన్ని చుట్టి బిగించి మింగుతుంది, విషం లేదు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఇప్పుడేమో గట్లన్నీ జేసీబీతో లేపేసి వెంచర్లు వేస్తున్నారు, ఇక అదెక్కడుండాలి?

లక్షలు, గుప్తనిధులు, మందులు అంతా బోగస్. బరువును బట్టి రేటు అని నమ్మించి పాముకు ఇనుప గుండ్లు మింగించేవాళ్లు, తోకకు కాల్చి కళ్లు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టినా, అమ్మినా, ఇంట్లో దాచినా కేసే. చెలకలో కనిపిస్తే అక్కడే వదిలేయండి, ఇంట్లోకొస్తే ఫారెస్టోళ్లకు చెప్పండి.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. దీని జాతిదే ఇంకోటి పొట్టిగా, మచ్చలతో ఉంటుంది, దాన్ని రక్తపింజరి అనుకుని చంపేస్తుంటారు. దానికంటే ప్రమాదం, రక్తపింజరిని ఇదే అనుకుని చేత్తో పట్టుకోవడం. గొలుసులాంటి మచ్చలుండి గట్టిగా బుస కొడుతుంటే వెనక్కి జరగండి, ఖర్మకాలి కరిస్తే మంత్రాలు, ఆకుపసరు అనకుండా నేరుగా సర్కారు దవాఖానకే.