మొదటిసారి జపాన్ వెళ్తున్నాం, అమ్మానాన్న శాకాహారులు. తిండికి ఇబ్బంది అవుతుందా?

పది రోజుల్లో టోక్యో, క్యోటో, ఒసాకా చూసి రావాలి, పెద్దవాళ్లు మాంసం ముట్టరు, ఎలా అని అడిగారు. ఇబ్బంది అవుతుంది. మా అమ్మని తీసుకెళ్లి తిట్లు తిని వచ్చినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

2024 నవంబర్‌లో వెళ్లాం. నేను, మా ఆవిడ, అమ్మ. మేమిద్దరం ఏది పెట్టినా తింటాం. తెనాలిలో ఉండే మా అమ్మ గుడ్డు తగిలిన గరిటె కూడా తాకదు. పైగా అది కార్తీక మాసం, కాబట్టి ఉల్లి, వెల్లుల్లి కూడా బంద్. టికెట్లు బుక్ చేసేటప్పుడు ఆకులు ఎప్పుడు ఎర్రబడతాయో చూశాను గానీ పంచాంగం చూడలేదు. మా ఆవిడ ఈ మాట ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

టోక్యోలో నిషికసాయ్ అనే పేట ఉంది. మనవాళ్లు చాలామంది అక్కడే కాపురాలు. ఇడ్లీ, దోసె దొరుకుతాయి. కానీ పూటపూటకీ ఇడ్లీ కోసం రైలెక్కి అడ్డంగా ఊరు దాటుతామా? అందుకని నేను తెలివిగా ఉదాన్ కనిపెట్టాను. లావుపాటి గోధుమ సేమ్యా, వేడివేడి చారు, పైన కూరగాయల బజ్జీ. ఉల్లికాడలు వద్దని సైగ చేస్తే సరిపోయేది. మొదటి రోజే అమ్మ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏరా, ఏదో నీచు వాసన వస్తోంది" అంది. "సముద్రపు నాచు అమ్మా, జపాన్‌లో అన్నిట్లోనూ అదే వేస్తారు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే నేనే నమ్మేశాను. మూడు రోజులు అదే తినిపించాను.

నాలుగు రోజులయ్యాక ఒసాకా. సాయంత్రం దోతోన్‌బోరి కాలవ గట్టున లైట్లన్నీ చూసి, ఒకోనోమియాకి తినడానికి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టం లాంటిదది. క్యాబేజీ, పిండి, గుడ్డు కలిపి బల్ల మీదే ఉన్న పెద్ద పెనం మీద మన ఎదురుగానే కాలుస్తారు. అది మా ఇద్దరికే. అమ్మ పక్కన కూర్చుని పచ్చ టీ తాగుతోంది. హోటలావిడ రొట్టె తిరగేసి, నల్లటి సాస్ పూసి, పైన గుప్పెడు గులాబీ రంగు పొట్టు చల్లి వెళ్లింది. ఆ వేడికి పొట్టు ముడుచుకుంటూ, విప్పుకుంటూ, లేస్తూ, పడుతూ కదలడం మొదలెట్టింది.

అమ్మ కప్పు కింద పెట్టేసింది. "ఏమిట్రా అది, కదులుతోంది?"

నాకూ తెలీదు. ఫోన్లో అనువాదం పెట్టి ఆవిడనే అడిగాం. పాపం ఎంతో ఓపికగా చెప్పింది. ఒక రకం చేపని ఉడకబెట్టి, పొగబెట్టి, కొయ్యముక్కలా గట్టిపడేదాకా ఎండబెడతారట. దాన్ని మన వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చగా తీస్తే వచ్చే పొట్టు ఇది. పేరు కట్సువోబుషి. అక్కడితో ఆగినా బాగుండేది. మన ఆసక్తి చూసి ముచ్చటపడి, చారులన్నిటికీ దీన్ని మరిగించిన నీళ్లే మూలమని, దాన్ని దాషి అంటారని, ఉదాన్ రుచంతా అందులోనే ఉందని కూడా చెప్పింది. ఆ ఫోన్ మాత్రం మొహమాటం లేకుండా అంతా ఇంగ్లీషులో గట్టిగా చదివేసింది. అమ్మ రిటైరైన టీచరు, ఇంగ్లీషు బాగానే వచ్చు.

"నాచు అన్నావు" అంది, అంతే. నేను రొట్టె వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి హోటల్ గదిలో తలస్నానం చేసి, మర్నాడంతా అరటిపండ్లు, పెరుగు మీద గడిపింది. నాతో మాట్లాడాల్సినవి కూడా మా ఆవిడతోనే చెప్పించింది.

కాబట్టి మొదటి మాట. "వెజిటేరియన్" అని చెబితే అక్కడ చాలాచోట్ల మాంసం ముక్కలు మాత్రం తీసేస్తారు. చారు అలాగే ఉంటుంది. సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లోనూ, బజ్జీలు ముంచుకునే సాస్‌లోనూ సాధారణంగా చేప దాషే. జపాన్ కూర అని అన్నం మీద పోసేదాంట్లో చాలాసార్లు జంతువుల కొవ్వు కలుస్తుంది. "మాంసం, చేప, గుడ్డు, చేప దాషి తినం" అని జపనీస్‌లో రాయించుకుని ఫోన్లో పెట్టుకోండి. ఇంకా ఖాయమైన దారి కందిపొడి. ఏ సందు చివర చూసినా ఉండే కొన్బినీ కొట్టుల్లో వండిన అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే చాలు. ఆ అన్నం కాస్త జిగురుగా ఉంటుంది, కందిపొడి, నూనె వేసుకుంటే ముద్ద భలే కుదురుతుంది. మేం మాత్రం కందిపొడి అరకేజీయే తీసుకెళ్లాం. తక్కువైంది.

ఇక్కడే ఇంకో సంగతి. తిండి భయంతో గ్రూప్ టూర్‌లో పడకండి. రోజూ రాత్రి బస్సులో తీసుకెళ్లి ఇండియన్ హోటల్లో పనీర్ బటర్ మసాలా పెడతారు. అది తినడానికి అమీర్‌పేట చాలదా? యూట్యూబ్ వాళ్లు చెప్పే రైలు పాస్ కూడా కళ్లు మూసుకుని కొనకండి. 2023 అక్టోబర్ నుంచి ఏడు రోజుల జేఆర్ పాస్ 50,000 యెన్లయింది, అంతకుముందు 29,650. టోక్యో నుంచి క్యోటోకి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్ విడిగా కొంటే సుమారు 14,000. మీ మూడు ఊళ్లకి పాస్ దండగ. నేను కొన్నాను, అందుకే ఈ కడుపుమంట.

ఒసాకా తర్వాత కోయాసాన్ వెళ్లాం. మీ లిస్టులో అది లేదు, క్యోటోలో ఒక రోజు తగ్గించుకునైనా పెట్టండి. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి రైలు, తర్వాత నిట్రంగా కొండెక్కే కేబుల్ కారు, ఆ తర్వాత బస్సు. సుమారు 800 మీటర్ల ఎత్తున కొండల మధ్య 117 బౌద్ధ ఆలయాలున్నాయి, వాటిలో యాభైకి పైగా రాత్రికి బస ఇస్తాయి. 816లో కూకై అనే భిక్షువు మొదలుపెట్టిన క్షేత్రం. ఆయన చనిపోలేదని, ఇప్పటికీ సమాధిలో ధ్యానంలోనే ఉన్నాడని అక్కడివాళ్ల నమ్మకం. రోజుకి రెండు పూటలా ఆయనకి భోజనం మోసుకెళ్తారు. ఇది చెప్పగానే అమ్మ రెండు రోజుల మౌనం వదిలి, "మన మంత్రాలయం రాఘవేంద్రస్వామిలాగేనన్నమాట" అంది.

ఆ రోజు కార్తీక పౌర్ణమి. హోటళ్లలో అగ్గిపుల్ల గీయనివ్వరని అప్పటిదాకా దీపం లేక అమ్మ లోలోపల బాధపడుతోంది. ఒకునోయిన్ అనే ఆ సమాధి దారిలో పెద్దపెద్ద దేవదారు చెట్లు, రెండు లక్షలకి పైగా నాచు పట్టిన సమాధి రాళ్లు. పక్కన నిలబెట్టిన చెక్కల మీద సంస్కృత బీజాక్షరాలు, సిద్ధం అనే పాత లిపిలో. చివర చిన్న వంతెన దాటాక ఫోటోలు తీయకూడదు. అక్కడ అమ్మ ఒక కొవ్వొత్తి కొని వెలిగించి, చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. చలికి నా పళ్లు టకటకలాడుతున్నా పిలవలేదు.

అయిదున్నరకల్లా గుడిలో భోజనం. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరని అప్పుడే తెలిసింది. కార్తీక మాసానికి కొలిచి కుట్టినట్టుంది. నువ్వులు రుబ్బి, కుజు దుంప పిండి వేసి ఉడికించిన గోమాదోఫు జున్నులా వణుకుతోంది. చారు గిన్నె రాగానే అమ్మ వాసన చూసి నా వంక చూసింది. వడ్డిస్తున్న కుర్ర భిక్షువుని అడిగాను. కోంబు, షీటాకే పుట్టగొడుగులు అన్నాడు. కోంబు అంటే సముద్రపు నాచు.

"ఈసారి నిజంగా నాచేనా?" అంది అమ్మ. భిక్షువుతో ఇంకోసారి చెప్పించుకుని, అప్పుడు తాగింది. గోమాదోఫు నా గిన్నెలోది కూడా తనే తింది.

క్యోటో గురించి అందరూ రాస్తారు. ఒక్కటే చెబుతాను. ఫుషిమి ఇనారి గుడికి తెల్లారకముందే వెళ్లండి, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. తొమ్మిదయ్యాక వెళ్తే ఎర్ర తోరణాలు కాదు, సెల్ఫీ కర్రలే కనిపిస్తాయి.

మొన్న అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడు కూకట్‌పల్లిలో భోజనానికి తీసుకెళ్లాను. రసం గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "నాచు వేశారేమో కనుక్కోరా" అంది.